గురువారం తాళం

టైలరు దుకాణంలో కుట్టు మిషను పక్కన ఒక ఇనుప పెట్టె ఉంటుంది. ఒకప్పుడు బొత్తాలు, దారపు ఉండలు దాచుకున్న పెట్టె. దాన్ని ఖాళీ చేసి మాత్రలు పెట్టడం మొదలై అప్పటికి నెలన్నర. దానికి రెండు తాళాలు. ఒకటి లిఫ్టు మెకానిక్‌ది. రెండోది ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్లది. రెండు తాళంచెవులూ ఒకచోట చేరితే తప్ప పెట్టె తెరుచుకోదు.

ఆ ఏర్పాటు మెకానిక్ కోరి చేయించుకున్నదే. అతను మత్తుపొడి మానేసి ఆస్పత్రి మందు మొదలుపెట్టిన రోజున టైలరు మా వీధివాళ్లని దుకాణంలో కూర్చోబెట్టాడు. ఆస్పత్రివాళ్లు వారానికి ఏడు మాత్రలు ఇస్తారు. రోజుకొకటి చొప్పున పొద్దున్న ఏడున్నరకి నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా కదలకుండా కూర్చోవాలి. పది నిమిషాలు పడుతుంది. అంతసేపూ మాట్లాడకూడదు. ఎవరో ఒకరు ఎదురుగా ఉండి, చివర్లో నోరు తెరిపించి చూసి, పుస్తకంలో టైము రాయాలి. వారానికి ఏడు ఇళ్లు కావాలన్నాడు టైలరు.

"ఒక్క తాళమైతే నేనే తీసేస్తానండీ," అన్నాడు మెకానిక్. "లేదంటే మీ కాళ్లావేళ్లా పడి మీచేత తీయిస్తాను. నా సంగతి నాకు తెలుసు. రెండుండాలి."

"మా ఆయనకే నా దగ్గర పప్పులుడకవు, నువ్వెంత," అంది ఇస్త్రీ అక్క. ఆమె మంగళవారం తీసుకుంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేను నవ్వలేదు.

లిఫ్టు పనిలో పద్ధతి అదే. మనిషి లోపలికి దిగే ముందు, పైన మెషిన్ గదిలో కరెంటు ఆపి, స్విచ్చికి తన తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుంటాడు. వేసినవాడే తీయాలి. ఎంత పని ఆగిపోయినా, యజమాని వచ్చి నానా మాటలూ అన్నా, ఇంకొకరి తాళం పగలగొట్టరు. ఇంకో పద్ధతి కూడా ఉంది. మళ్లీ కరెంటు వేసే ముందు పైవాడు కేక వేస్తాడు. కిందివాడు 'సరే' అనకూడదు, 'ఊ' అనకూడదు. విన్న మాటని విన్నట్టే తిరిగి చెప్పాలి. కిందివాడు పిలిచినా అంతే. జవాబు రానిదే ఎవరూ ఏదీ కదపకూడదు.

ఇవన్నీ నాకు మా తమ్ముడు చెప్పాడు. వాడూ లిఫ్టు మెకానిక్కే. వాళ్లిద్దరూ తొమ్మిదేళ్లు జంటగా పనిచేశారు. పొడి కూడా జంటగానే మొదలుపెట్టారు.

తమ్ముడి సంగతి నేను వీధిలో ఎవరికీ చెప్పలేదు. పచ్చకామెర్లన్నాను. పొడి మాన్పించాలని నలభై రోజులు వాణ్ణి గదిలో పెట్టి, బడికి వెళ్తూ బయట గడియ వేసి, వచ్చి తీసేవాణ్ణి. ఆస్పత్రికి వెళ్తే నలుగురికీ తెలుస్తుందని వెళ్లలేదు. నలభై రోజులకి వాడి ముఖంలో కళ వచ్చింది. మర్నాడు పనికి పంపాను. ఆ మధ్యాహ్నం ఒక ఆఫీసు భవనం మీద, మెషిన్ గదిలో, వాడు పొడి పాత మోతాదునే తీసుకున్నాడు. ఒంటికి దాని అలవాటు తప్పిందని వాడికి తెలియదు. నాకూ తెలియదు. కింద లిఫ్టులో ఉన్న మెకానిక్ పైకి కేక వేశాడు. జవాబు రాలేదు. జవాబు రానిదే కదలకూడదు కనక పావుగంట అక్కడే ఆగి, పిలుస్తూ ఉన్నాడు. తర్వాత మెట్లెక్కి వెళ్లాడు. అప్పటికి అయిపోయింది.

ఆ పావుగంట గురించి ఆలోచించడం నేను అప్పటినుంచీ మానలేదు.

అందుకే టైలరు మా ఇంటికి వచ్చినప్పుడు మొదట కుదరదన్నాను. అతను కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "ఒకణ్ణి దాచిపెట్టుకుని పోగొట్టుకున్నాం మాస్టారూ," అన్నాడు. దాచింది నేను. అతను 'పోగొట్టుకున్నాం' అన్నాడు. నేను లోపలికి వెళ్లి స్కేలు, తెల్లకాగితం తెచ్చి ఏడు గడులు గీశాను. గురువారం నాకు వేసుకున్నాను.

పెట్టెకి వేయడానికి నా దగ్గర ఉన్న గట్టి తాళం ఒక్కటే, తమ్ముడి పని తాళం. దాని చెవి తలకి ఎర్ర రంగు పూసి ఉంటుంది. మెకానిక్ పని తాళం చెవికి పసుపు. ఇద్దరూ ఒకేరోజు కొనుక్కున్నవి. మొదటి గురువారం అతను దాన్ని చూసి తన తాళం తీశాడు.

ఆరు గురువారాలు గడిచాయి. నేను గోడ గడియారం చూసేవాణ్ణి, అతను నేల చూసేవాడు. పది నిమిషాలయ్యాక టార్చి వేసి నాలుక కింద చూసి, టైము రాసి, లేచేవాణ్ణి. ఒకసారి అతను, "మాస్టారూ, ఆ రోజు..." అన్నాడు. బడికి టైమైందని వచ్చేశాను.

ఆస్పత్రి డాక్టరమ్మ మాకు మొదట్లోనే చెప్పింది. "ఒక్క రోజు మాత్ర తప్పినంత మాత్రాన ప్రాణం పోదు. తప్పిన రోజున భయపడిపోయి పాత పొడి పాత మోతాదులో తీసుకుంటే పోతుంది. అలాంటివాళ్లని చాలామందిని చూశాను. తప్పనివ్వకండి. అంతే మీ పని."

ఏడో గురువారం పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాయి. నాకు వేరే బడిలో హాలు డ్యూటీ పడింది. ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. ముందురోజు సాయంత్రం టైలరు దుకాణంలో ఆగి, అలవాటు ప్రకారం పెట్టెకి నా తాళం వేశాను. డ్యూటీ ఉత్తర్వు నా సంచిలోనే ఉంది.

"రేపు పరీక్షలు కదా మాస్టారూ, కుదురుతుందా?" అన్నాడు టైలరు, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. "లేదంటే అక్క తాళం వేయిద్దాం."

"కుదురుతుంది. ఏడుకి వస్తాను, అతన్ని కూడా ఏడుకే రమ్మను," అన్నాను.

పొద్దున్న ఆరున్నరకి బస్సెక్కి వెళ్లిపోయాను.

పరీక్షల రోజుల్లో బడిలో మామూలు టైంటేబుల్ నడవదు. ఇరవై రెండేళ్ల అలవాటు. పరీక్షలు వచ్చాయంటే పాత గడులన్నీ నా తలలోంచి వాటంతటవే చెరిగిపోతాయి. గురువారం మూడో పీరియడు ఏ తరగతికో అడిగినా చెప్పలేను. వీధి టైంటేబుల్‌ని కూడా బడిలో గీసినట్టే, అదే స్కేలుతో, అవే గడులతో గీశాను. అది కూడా వాటితోపాటే చెరిగిపోయింది. తర్వాత నాకు నేను చెప్పుకున్న కారణం ఇదీ. నిజమే కావచ్చు.

తొమ్మిదిన్నరకి ప్రశ్నపత్రాలు ఇచ్చాం. మా ఫోన్లన్నీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. పదీ ఐదుకి మూడో వరసలో ఒక అమ్మాయి అదనపు కాగితం అడిగింది. కట్టుకోవడానికి దారం ముక్క కూడా ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాను. దారాల్లో చిక్కుకుని ఎర్ర తాళంచెవి పైకి వచ్చింది.

అమ్మాయి చెయ్యి చాపి ఉంది.

"ఇది కూడానా సార్?" అంది.

దారం విడదీసి ఇచ్చాను. విడదీయడానికి చాలాసేపు పట్టింది. ఏడు నుంచి మూడు గంటలు దాటింది. హాలులో ఫ్యాన్ల చప్పుడు, కాగితాల చప్పుడు. ప్రశ్నపత్రం ఇచ్చాక హాలు వదిలి వెళ్లడమంటే ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే. వరండాలో మంచినీళ్లు తిప్పుతున్న ఆయనతో పరీక్షల చీఫ్ మేడమ్‌కి కబురు పెట్టాను. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెమటలు పట్టాయేంటి మాస్టారూ?"

"ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేదు మేడమ్. వెళ్లాలి."

"ఎవరికి?"

"తమ్ముడికి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"ఏమైంది?"

"పచ్చకామెర్లు."

"పచ్చకామెర్లకి పన్నెండున్నర దాకా ఆగొచ్చు కదా. ఇంటి నంబరు ఇవ్వండి, ఆఫీసు నుంచి కనుక్కుంటాను," అని, నంబరు కోసం చూసి, నేనివ్వకపోయేసరికి వెళ్లిపోయింది.

నేను వరసల మధ్య తిరిగాను. పిల్లల తలల మీదుగా గోడ గడియారం కనిపిస్తోంది. ఒకసారి ఆ అబద్ధం చెప్పి నలభై రోజులు పోగొట్టుకున్నాను. ఇప్పుడు మళ్లీ చెప్పి ఇరవై నిమిషాలు పోగొట్టాను. పదిన్నరకి ఆవిడ ఆ వైపు వచ్చినప్పుడు గుమ్మం దాకా ఎదురెళ్లాను.

"మేడమ్, ఇందాక అబద్ధం చెప్పాను. నా తమ్ముడు లేడు. మత్తుపొడితో పోయాడు. మా వీధిలో ఇంకొకతను ఆ పొడి మానేసి మందు వాడుతున్నాడు. మందు పెట్టె తాళంచెవి నా దగ్గరుంది. ఏడింటికి ఇవ్వాలి. మరిచిపోయి వచ్చేశాను."

గొంతు తగ్గించాననే అనుకున్నాను. ముందు బల్లలవాళ్లు రాయడం ఆపి చూస్తున్నారు.

"మీ పేపరు మీరు చూసుకోండి," అంది ఆవిడ వాళ్లతో. తర్వాత చేతిలో ఉన్న ఫైలు తెరిచి ఒక మడత కాగితం తీసింది. "ఎనిమిదిన్నరకి గేటు దగ్గర ఎవరో ఇచ్చి వెళ్లారట, మీ పేరు మీద. పరీక్ష రోజున చీటీ లోపలికి రానిస్తే మా పీకల మీదికి వస్తుంది. చదవలేదు, చించనూలేదు."

కొలతలు రాసుకునే కాగితం వెనక టైలరు దస్తూరి. 'మనిషి ఏడు నుంచి ఇక్కడే కూర్చున్నాడు. తాళం పగలగొడదామంటే ఒప్పుకోవడం లేదు. తొందరగా రండి.'

"వెళ్లండి. వేరే టీచరు వచ్చేదాకా నీళ్లాయన మీ హాలు చూస్తాడు," అంది ఆవిడ. "పుస్తకంలో కారణం రాయాలి. ఏమని రాయను?"

"ఇప్పుడు చెప్పిందే రాయండి."

బీరువాలోంచి ఫోను తీస్తే అందులో పంతొమ్మిది పిలుపులు. ఆటో ఎక్కి టైలరుకి చేశాను. "వెళ్లిపోయాడు," అన్నాడు.

పదకొండూ పదికి దుకాణం దగ్గర దిగాను. ఇస్త్రీ అక్క బండి వదిలేసి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది.

"పిల్లలు ఆలస్యంగా వస్తే బయట నిలబెడతారు కదా మీరు," అంది నన్ను చూసి. "మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలి?"

టైలరు పెట్టె చూపించాడు. మూత మీద సుత్తి పెట్టి ఉంది.

"తొమ్మిదిన్నర దాకా ఆ స్టూలు మీదే ఉన్నాడు మాస్టారూ. ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం. నేను సుత్తి తీశాను. చెయ్యి పట్టుకుని ఆపేశాడు. 'అది వాడి తాళం, దాని మీద దెబ్బ పడనివ్వను, మాస్టారు వస్తారు' అన్నాడు. తర్వాత పని ఉందని లేచాడు. వెంట వెళ్దామని చెప్పులేసుకునేలోగా సందు తిరిగిపోయాడు. మొదట్లో ఫోను మోగింది. ఇప్పుడు మోగడం కూడా లేదు."

వీధంతా వెతుకుతోంది. అక్క తను బట్టలిచ్చే ఇళ్లన్నిటికీ ఫోన్లు చేసింది. కిరాణా ఆయన రైలుగేటు వైపు వెళ్లాడు, పొడి అమ్మేవాళ్లు తిరిగేది అక్కడేనని. మేం మాట్లాడుతుండగానే ఆయన ఫోను వచ్చింది. టైలరు విని, ఫోను పెట్టేసి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"పదింటికి గేటు దగ్గర కనిపించాడట. ఎవరితోనో మాట్లాడాడట. అక్కడ ఇప్పుడు లేడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గురువారం అతని పని ఎక్కడ?" అన్నాను.

"మీకు తెలియదా," అన్నాడు టైలరు మెల్లగా.

తెలుసు. గురువారాలు ఆ ఆఫీసు భవనంలో లిఫ్టులు చూసే రోజు. తమ్ముడు పోయింది కూడా గురువారమే. ఏడు నెలలుగా నేను ఆ దారిన వెళ్లకుండా చుట్టు తిరిగి పోయే బస్సు ఎక్కుతున్నాను.

టైలరు పెట్టెని చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరం వెళ్లాం.

అయిదంతస్తుల భవనం. కింద కుర్చీలో పెద్దవయసు వాచ్‌మన్.

"లిఫ్టులు పనిచేయవండీ. మెట్లెక్కండి."

"మెకానిక్ ఎక్కడ?"

"మీరెవరు?"

"మాస్టార్ని."

"మాస్టార్నని ఎవరైనా చెప్పుకోవచ్చు. తాళంచెవి చూపించండి."

ఎర్ర చెవి చూపించాను. ఆయన దాన్ని తిప్పి చూసి, తన చొక్కా జేబులోంచి పసుపు రంగు చెవి తీసి నా చేతిలో పెట్టాడు. దానితోపాటు చిన్న చెవి ఇంకొకటి ఉంది, మందు పెట్టెది.

"పదిన్నరకి వచ్చాడండీ. మనిషి మామూలుగా లేడు. లిఫ్టెక్కి మూడుకీ నాలుగుకీ మధ్య ఆపి గంట కొడతాను, నువ్వు పైన కరెంటు ఆపి నా తాళం వేసెయ్, చెవి నీ దగ్గర పెట్టుకో అన్నాడు. ఎర్ర చెవి ఉన్నాయన వస్తేనే ఇవ్వు, ఇంకెవరికీ ఇవ్వకు, చివరికి నేనడిగినా ఇవ్వకు అన్నాడు. పని పద్ధతేమో అనుకున్నాను. మధ్యలో అడిగాడు కూడానండీ. తలుపులు బాదాడు, బూతులు తిట్టాడు. ఇవ్వలేదు."

"ఇప్పుడు?"

"అరగంటైంది, చప్పుడు లేదు."

టైలరు నా వైపు చూశాడు. పదింటికి రైలుగేటు, పదిన్నరకి ఇక్కడ. మధ్యలో ఎక్కడా ఆగే వ్యవధి లేదు. కొన్న పొడి పొట్లం అతని దగ్గరే ఉంది. తను ఎక్కడికీ పోకుండా తనని బంధించుకున్నాడు, దాన్ని మాత్రం వెంట తీసుకెళ్లాడు. అక్కడినుంచి అతను బయటికి రాలేడు, తలుపులకి ఎదురుగా ఉన్నది గోడ. కరెంటు వేయందే మేం లోపలికి వెళ్లలేం.

నాలుగో అంతస్తులో టైలరు ఆగి, మూసి ఉన్న లిఫ్టు తలుపుని అరచేత్తో కొట్టాడు. లోపలినుంచి ఏమీ లేదు. మళ్లీ ఎక్కాం. పైన డాబా మీద మెషిన్ గది. ఇనుప తలుపు తీసే ఉంది. గ్రీజు వాసన. పెద్ద చక్రం, దాని మీదుగా ఇనుప తాళ్లు, అవి నేలలోని రంధ్రాల్లోంచి కిందికి దిగుతున్నాయి. తమ్ముడు ఏ గోడకి చేరగిలబడ్డాడో నేను ఎప్పుడూ అడగలేదు. ఆ గదిలో ఖాళీగా ఉన్న గోడ ఒక్కటే.

స్విచ్చి మీద పసుపు తాళం. దానికి వేలాడుతున్న రేకు మీద 'మనిషి లోపల ఉన్నాడు, ముట్టుకోవద్దు' అని తమ్ముడి దస్తూరి. నేను దిద్దించిన అక్షరాలు. తాళం తీసి జేబులో వేసుకుని పిడి మీద చెయ్యి పెట్టాను.

"వేసెయ్యండి మాస్టారూ," అన్నాడు టైలరు.

నేను వంగి రంధ్రంలోకి, "కరెంటు వేస్తున్నాను," అని కేక వేశాను.

గొంతు కింద ఎక్కడో గోడలకి తగిలి ఆగిపోయింది. జవాబు లేదు.

"కరెంటు వేస్తున్నాను."

లేదు.

"జవాబు చెప్పే స్థితిలో లేడేమో," అన్నాడు టైలరు. "పడిపోయి ఉన్నాడేమో. నిమిషాల మీద ఉంది వ్యవహారం. ఇంకా పద్ధతేంటి మాస్టారూ?"

"ఆగు."

"మీ చెయ్యి తీయండి, నేను వేస్తాను."

"ఆగమన్నాను కదా."

పడిపోయి ఉంటే, నేను ఆలస్యం చేసే ప్రతి నిమిషం అతన్ని చంపుతుంది. పడిపోకుండా లిఫ్టు పైకప్పులోని మూత తీసుకుని తాళ్ల మధ్యకి ఎక్కి ఉంటే, పిడి ఎత్తిన క్షణం నేనే చంపుతాను. పైనున్నవాడికి ఈ రెండిట్లో ఏదీ కనపడదు. రంధ్రంలోంచి చల్లటి గాలి ముఖానికి కొడుతోంది. కిందనున్నవాడికీ ఆ రోజు ఏమీ కనపడి ఉండదు. ఏడు నెలల్లో ఈ వైపునుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మోకాళ్ల మీద కూర్చుని, రంధ్రానికి నోరు ఆనించి, ఈసారి కేక వేయకుండా, తరగతిలో పాఠం చెప్పించినట్టు ఒక్కొక్క మాటే చెప్పాను.

"కరెంటు. వేస్తున్నాను."

చాలాసేపటికి కిందినుంచి వచ్చింది, సన్నగా.

"కరెంటు వేస్తున్నాను."

పిడి ఎత్తాను. చక్రం మూలిగి తిరిగింది. తర్వాత గడియారం చూసి లెక్కేస్తే మొత్తం నాలుగు నిమిషాలు. తమ్ముడు పోయిన రోజు అతను పదిహేను నిమిషాలు ఆగాడు.

మేం దిగేసరికి లిఫ్టు నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుని ఉంది. మూలన మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కళ్లు, ముక్కు కారుతున్నాయి. చేతులు ఖాళీ. తలుపు బాదిన చోట వేళ్ల కణుపులు చిట్లాయి.

"పొట్లం ఏది?" అన్నాడు టైలరు.

గడపకీ లిఫ్టుకీ మధ్య ఉన్న సందు చూపించాడు. "కింద గుంటలో. ఇప్పుడే పడేశాను."

"ఇప్పుడే అంటే?"

"మూడోసారి పిలిచాక." ఊపిరి తీసుకుని నన్ను చూశాడు. "మొదటి రెండుసార్లు వాడు పిలుస్తున్నాడనుకున్నాను మాస్టారూ. మీ ఇద్దరి గొంతూ ఒకటే. వస్తున్నానురా అందామనుకున్నాను. పొట్లం విప్పబోయాను కూడా. కానీ అలా చెప్పకూడదు కదా. విన్న మాటే చెప్పాలి. మూడోసారి అది వాడు కాదని తెలిసింది. వాడు అంత నిదానంగా ఎప్పుడూ చెప్పలేదు."

టైలరు పెట్టె కింద పెట్టాడు. ఎర్ర చెవితో నా తాళం తీశాను. చిన్న చెవి అతనికి ఇచ్చాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి తిరిగింది. మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు. పన్నెండూ రెండు. టైలరు పొట్లం సంగతి చూడడానికి వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని గుంట దగ్గరికి దిగాడు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

ఆ మెట్ల దగ్గర గోడ గడియారం లేదు. నేల చూడడం తప్ప నాకు పని లేదు.

"నేను మరిచిపోయాను," అన్నాను. "పరీక్షల వల్ల మరిచిపోయాను. అందరికీ అదే చెబుతాను. కానీ నిన్న సాయంత్రం టైలరు అడిగాడు, కుదురుతుందా అని. కుదురుతుందన్నాను. ఇరవై రెండేళ్లలో ఒక్క డ్యూటీ మరిచిపోలేదు. నిజంగా మరిచిపోయానో, రాకూడదని రాలేదో నాకు తెలియదు. నీకు చెప్పాలి కనక చెబుతున్నాను."

అతను మాట్లాడడానికి లేదు. మాత్ర కరుగుతోంది. నా వైపు తిరిగి, తిరిగినవాడు అలాగే ఉన్నాడు. ఆ పది నిమిషాలూ మొదటిసారి నేను అతని ముఖం చూశాను. నుదుటి మీద లిఫ్టు తగిలిన పాత మచ్చ. తమ్ముడికంటే రెండేళ్లు చిన్నవాడు.

టైమైంది. నోరు తెరిచాడు. టార్చి నా దగ్గర లేదు, ఫోను వెలుతురులో చూశాను. నాలుక కింద ఏమీ లేదు.

"నాకూ తెలియదు మాస్టారూ," అన్నాడు. నోరు ఎండి మాట సరిగా రాలేదు. "ఆ పావుగంట పద్ధతి కోసమే ఆగానో, పైకెళ్లి చూడాలంటే భయమేసి ఆగానో. అదే చెబుదామని ఇన్ని గురువారాలుగా చూస్తున్నాను. నోట్లో మాత్ర ఉండేది. మాత్ర అయ్యేసరికి మీరు లేచేవారు."

కిందినుంచి టైలరు కేక వేశాడు. "దొరికింది. ముడి విప్పలేదు." కాసేపాగి, "విన్నారా పైన?" అన్నాడు.

మెకానిక్ మెట్ల కటకటాల మీదికి వంగాడు. "దొరికింది, ముడి విప్పలేదు," అని తిరిగి చెప్పాడు. ఆ మాట చెప్పాక కటకటాలకి తల ఆనించి ఏడ్చాడు. నేను వీపు మీద చెయ్యి వేశాను. ఎంతసేపు ఉంచాలో తెలియక అలాగే ఉంచాను.

తర్వాత పెట్టెలోంచి పుస్తకం తీసి గురువారం గడిలో రాశాను. టైము పన్నెండూ రెండు. పక్క గడిలో ఆలస్యానికి కారణం రాయాలి. అక్కడ ఇప్పటివరకు ఎవరూ ఏమీ రాయలేదు.

"ఏం రాశారు?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

"మాస్టారు రాలేదు అని."

అతను పుస్తకం తీసుకుని చూశాడు. కింద ఎప్పుడూ పెట్టే చోట సంతకం పెట్టాడు.

"వచ్చే గురువారం కూడా పరీక్షలున్నాయా?"

"ఉన్నాయి."

"మరి?"

"ఆరింటికి పెట్టుకుందాం. నేనే మీ ఇంటికి వచ్చి పిలుస్తాను."

పసుపు తాళం జేబులోంచి తీసి అతనికి ఇచ్చాను. అతను దాన్ని బెల్టుకి తగిలించుకుని, గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. లిఫ్టు తలుపు తెరిచే ఉంది. ఇద్దరం దాని పక్కనుంచి మెట్లు దిగాం.